పండిత రమాబాయి – తొందరపడని సాక్ష్యం

ఈసారి గోడపత్రికకు ఒక ప్రసిద్ధ స్త్రీ జీవితం రాయమని మేడం చెప్పినప్పుడు నేను ముందు వేరే పేరు ఇచ్చాను. ఆ పేరు అప్పటికే థర్డ్ ఇయర్ అక్క ఒకరు తీసేసుకున్నారు. అప్పుడు పండిత రమాబాయి పేరు రాసిచ్చాను. మేడం సరే అన్నారు. ఆమె గురించి రాయడానికి నాకొక సొంత కారణం ఉంది. దాచిపెట్టి రాస్తే వ్యాసం సరిగ్గా రాదనిపించింది, అందుకే అదే ముందు చెప్పేస్తున్నాను.

మా ఇంట్లో రెండు భాషలు. నాన్నది కన్నడ, అమ్మది తెలుగు. వంటింట్లో తెలుగు, హాల్లో కన్నడ, పోట్లాట వస్తే రెండూ. మేము చర్చికి వెళ్ళేవాళ్ళం. అమ్మమ్మ తెలుగు బైబిలు చదువుతుంది, నాన్న కన్నడ బైబిలు చదువుతారు. నేను రెండూ చదవగలను కాబట్టి ఇద్దరూ నాకు భక్తి ఎక్కువని అనుకుంటారు.

పోయిన వేసవి సెలవుల్లో యవ్వనస్థుల కూడిక జరిగింది. అందులో ఒక్కొక్కరూ లేచి సాక్ష్యం చెప్పాలి. తెలియనివాళ్ళ కోసం చెప్తున్నాను, సాక్ష్యమంటే దేవుడు తనను తాను నాకు ఎలా తెలియజేసుకున్నాడో నలుగురి ముందు చెప్పడం. ఒకమ్మాయి జ్వరం తగ్గిన రాత్రి గురించి చెప్పింది. ఒకబ్బాయి బండి మీంచి పడి కూడా బతికిన సంగతి చెప్పాడు. ఇంకొకరికి కలొచ్చిందట. నా వంతు వచ్చింది. లేచి నిలబడ్డాను. చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు. కల రాలేదు, స్వరం వినపడలేదు, బండి మీంచి పడలేదు. స్తోత్రం అని మాత్రం అని కూర్చున్నాను. ఇంటికొచ్చాక అమ్మమ్మ ఏమీ అనలేదు. ఏమైనా అంటే బాగుండేది. ఆ రాత్రంతా నాకు దేవుడు తెలీదా, లేక దేవుడికే నేను తెలీదా అని ఆలోచిస్తూ పడుకున్నాను.

మన తెలుగులో దేవుడు ప్రత్యక్షమయ్యాడు అంటాం. ఆ మాట వినగానే మనందరికీ పాత సినిమాలే గుర్తొస్తాయి. పొగ, వెలుగు, ముందు చేతులు జోడించిన భక్తుడు. క్రైస్తవులు కూడా ఇదే మాటను కొంచెం మార్చి ప్రత్యక్షత అంటారు. దేవుడు తనను ఎలా తెలియజేసుకుంటాడో సండే స్కూల్లో మాకు వరసగా నేర్పించారు. సృష్టి ద్వారా, మనస్సాక్షి ద్వారా, ప్రవక్తల ద్వారా, లేఖనాల ద్వారా, అన్నిటికంటే ముఖ్యంగా క్రీస్తు ద్వారా, ఆ తర్వాత పరిశుద్ధాత్మ ద్వారా. జాబితా నాకు నోటికొచ్చు. అయితే ఒక మామూలు మనిషి బతుకులో అది ఎలా జరుగుతుంది, ఎన్నాళ్ళు పడుతుంది అన్నది ఎవరూ నేర్పలేదు. రమాబాయి 1907లో, 49 ఏళ్ళ వయసులో, తన సాక్ష్యం రాసింది. కూడిక అయిన కొన్నాళ్ళకు నేను అది చదివాను. ఆమె కథ పొగతోనూ వెలుగుతోనూ మొదలవదు. ఆకలితో మొదలవుతుంది.

మన డిపార్ట్‌మెంట్‌లో అన్ని మతాలవాళ్ళం ఉన్నాం. ఎవర్నీ ఎటూ లాగడానికి ఇది రాయడం లేదు. ఒక మనిషి దేవుణ్ణి ఎలా వెతికిందో, తనకు అర్థం కానిదానికి ఎలా తలూపలేదో, అంతవరకే చెప్తాను.

అడవిలో చదువు

రమాబాయి 1858 ఏప్రిల్ 23న పుట్టింది. పుట్టిన ఊరు అనడానికి ఊరే లేదు. పడమటి కనుమల్లో గంగామూల అనే చోట, అడవి మధ్యలో ఒక ఆశ్రమం లాంటి ఇల్లు. ఇప్పుడది మన కర్ణాటకలోనే ఉంది. తండ్రి అనంతశాస్త్రి డోంగ్రే గొప్ప సంస్కృత పండితుడు. ఆయన పుణెలో చదువుకునేటప్పుడు ఆయన గురువుగారు పేష్వా భార్యకు సంస్కృతం నేర్పేవారు. ఆడమనిషి నోట సంస్కృతం విని అనంతశాస్త్రి ఆశ్చర్యపోయారు. తన భార్యకు కూడా నేర్పాలనుకున్నారు. మొదటి భార్యకు నేర్పడానికి పెద్దవాళ్ళు ఒప్పుకోలేదు. ఆమె పోయాక చేసుకున్న లక్ష్మీబాయికి నేర్పారు. ఆడవాళ్ళకు దేవభాష ఏమిటని చుట్టుపక్కల పండితులు అభ్యంతరం పెట్టారు. ఆయన శాస్త్రాలు చూపించి వాదించారు. చివరికి భార్యను తీసుకుని అడవిలోకి వెళ్ళి కాపురం పెట్టారు.

రమాబాయికి ఆరు నెలల వయసప్పుడు ఆ కుటుంబం ఇల్లు వదిలి తీర్థయాత్రకు బయల్దేరింది. పాపను వెదురుబుట్టలో పెట్టి మోసుకెళ్ళారు. ఆ యాత్ర ఏళ్ళ తరబడి సాగింది. గుళ్ళలో, నదీతీరాల్లో కూర్చుని పురాణాలు చదవడం, వినేవాళ్ళు ఇచ్చింది తీసుకోవడం, అందులోంచి మళ్ళీ దానం చేయడం, ఇదే వాళ్ళ జీవనం. రమాబాయికి తల్లే గురువు. తెల్లవారుజామున, పక్షులు లేచే వేళకు, పనులు మొదలవకముందే తల్లి నిద్ర లేపి పాఠం చెప్పేది. పదిహేనేళ్ళు దాటేసరికి భాగవతంలో 18 వేల శ్లోకాలు ఆ పిల్లకు కంఠతా వచ్చాయి. మనం ఇంటర్నల్స్‌కి నాలుగు పద్యాలు బట్టీపట్టడానికి ఎంత గొడవ చేస్తామో గుర్తు చేసుకోండి.

తిరుపతి అడవి, రాయచూరు

1870ల్లో మద్రాసు ప్రెసిడెన్సీలో కరువొచ్చింది. వినేవాళ్ళకే తిండి లేనప్పుడు పురాణం చదివేవాళ్ళకు ఎవరు పెడతారు? కూలి పని చేయడానికి పద్ధతి ఒప్పుకోదు, అడుక్కోవడానికి మనసు ఒప్పుకోదు. ఉన్న నగలు, బట్టలు, గిన్నెలు అమ్ముకున్నారు. ఆ డబ్బుతో కూడా పూజలు, దానాలే చేశారు. దేవుడు కరుణిస్తే దారి దొరుకుతుందని వాళ్ళ నమ్మకం.

అప్పుడు వాళ్ళు తిరుపతిలో ఉన్నారు. బియ్యంలో ఆఖరి గింజ కూడా అయిపోయిన రోజు రాత్రి కుటుంబమంతా కూర్చుని మాట్లాడుకుని, నలుగురిలో తలవంపులు పడేకంటే అడవిలోకి వెళ్ళి చచ్చిపోదామని నిర్ణయించుకున్నారు. ఆ రాత్రే కొండ అడవుల్లోకి వెళ్ళారు. పదకొండు పగళ్ళు, పదకొండు రాత్రులు. నీళ్ళు, ఆకులు, గుప్పెడు అడవి ఈతపళ్ళు. తండ్రికి అప్పటికే చూపు పోయింది. ఆయన పుణ్యతీర్థంలో మునిగి ప్రాణం వదులుతానన్నారు. అప్పుడు కొడుకు శ్రీనివాసశాస్త్రి, కులం మాట పక్కన పెట్టి కూలి పనైనా చేస్తానని ముందుకొచ్చాడు. అలా అడవిలోంచి బయటికొచ్చారు. అయినా తండ్రి ఎక్కువ రోజులు బతకలేదు. చనిపోయే ముందు చిన్న కూతుర్ని దగ్గరికి తీసుకుని, నిన్ను దేవుడి చేతిలో పెట్టాను, నువ్వు ఆయనకే చెందినదానివి అన్న అర్థంలో చెప్పి వెళ్ళిపోయారు. ఏ దేవుడో, ఎలాంటి దేవుడో ఆయనా చెప్పలేదు, ఆమెకూ తెలీదు. ఆ మాట మాత్రం ఆమె ఎప్పుడూ మర్చిపోలేదు.

మిగిలినవాళ్ళు నడుచుకుంటూ రాయచూరు వచ్చారు. ఇక్కడికొచ్చేసరికి నేను పుస్తకం మూసేశాను. ఎందుకంటే రాయచూరు మా అమ్మమ్మ పుట్టిల్లు. అక్కడ మా చిన్నమ్మమ్మ ఇంట్లో నేను ఎన్ని సెలవులు గడిపానో లెక్కలేదు. ఆ ఊళ్ళో రమాబాయి తల్లి మంచం పట్టింది. జ్వరం, ఆకలి. ఆమె తిండి కోసం తపిస్తుంటే చూడలేక రమాబాయి పక్కింటికి వెళ్ళింది. ఇన్ని వేల శ్లోకాలు వచ్చిన నోటికి ఒక రొట్టె ముక్క అడగడానికి మాట రాలేదు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఆ ఇంటావిడ అర్థం చేసుకుని సజ్జ రొట్టె ఇచ్చింది. తల్లి తినే స్థితి దాటిపోయింది. కొన్ని రోజులకే ఆమె పోయింది.

పాడె మోయడానికి మనుషులు దొరకలేదు. చివరికి జాలిపడి ఇద్దరు వచ్చారు. మిగతా రెండు వైపులా అన్నాచెల్లెళ్ళే పట్టాలి. రమాబాయి పొట్టిది, భుజానికి అందలేదు. తలమీద పెట్టుకుని మోసింది. అప్పటికి ఆమెది ఇంచుమించు మన వయసే. తర్వాత అక్క కూడా కలరాతో పోయింది.

అన్నాచెల్లెళ్ళిద్దరూ ఆ తర్వాత దేశమంతా కాలినడకన తిరిగారు. దాదాపు 4 వేల మైళ్ళు. పంజాబులో జీలం నది ఒడ్డున చలికి తట్టుకోలేక ఇసుకలో గోతులు తవ్వుకుని, తలలు మాత్రం బయట పెట్టి పడుకున్న రాత్రులున్నాయి. వెళ్ళిన ప్రతి తీర్థంలోనూ మునిగారు, శాస్త్రం చెప్పిన ప్రతి వ్రతమూ చేశారు. ఎక్కడా ఏమీ కనపడలేదని, ఎవరూ పలకలేదని ఆమె తర్వాత రాసుకుంది. ఆ వయసుకు ఆమెకున్న అనుభవం ఇదే. పిలిచినా పలకని దేవుడు.

ఈ భాగం చదివాకే నాకు కొంచెం ధైర్యం వచ్చింది. నేనొక్కదాన్నే కాదన్నమాట.

కుర్చీలకు మొక్కేవాళ్ళు

1878లో అన్నాచెల్లెళ్ళు కలకత్తా చేరారు. అక్కడి పండితులు రమాబాయిని పరీక్షించి పండిత, సరస్వతి అనే బిరుదులు ఇచ్చారు. ఇరవై ఏళ్ళ ఆడపిల్ల గడగడా సంస్కృతంలో మాట్లాడుతుంటే చూడ్డానికి జనం విరగబడ్డారు.

క్రైస్తవుల ప్రార్థన ఆమె మొదటిసారి చూసింది అక్కడే. ఒక ఇంటికి పిలిస్తే వెళ్ళారు. ఉన్నట్టుండి అందరూ కుర్చీల ముందు మోకాళ్ళూని కళ్ళు మూసుకున్నారు. వీళ్ళు కుర్చీలకు మొక్కుతారు కాబోలు అని అన్నాచెల్లెళ్ళు అనుకున్నారట. వెళ్ళేటప్పుడు సంస్కృత బైబిలు చేతిలో పెట్టారు. ఆమె విప్పి చూసింది. సంస్కృతంలో అంత పండితురాలికి కూడా ఆ పుస్తకం తలకెక్కలేదు. చదవడం టైం వేస్ట్ అనిపించింది. దేవుడు లేఖనం ద్వారా మాట్లాడతాడని మాకు నేర్పారు కదా. లేఖనం ఆమె చేతిలోకి వచ్చింది, కానీ మాట్లాడలేదు.

అదే సమయంలో ఆడవాళ్ళ ధర్మాల గురించి ఉపన్యాసాలు ఇవ్వమని పండితులు ఆమెను అడిగారు. దానికోసం ధర్మశాస్త్రాలు లోతుగా చదివింది. ఒక గ్రంథానికీ మరొకదానికీ ఎన్నో విషయాల్లో పొంతన లేకపోయినా ఆడదాన్ని తక్కువ చేయడంలో మాత్రం అన్నీ కలుస్తున్నట్టు ఆమెకు కనపడింది. ఆడదానికి ఉన్న స్థితిలో మోక్షం లేదన్న మాట ఆమె గుండెలో దిగబడిపోయింది. బ్రహ్మసమాజ నాయకుడు కేశవచంద్ర సేన్ వేదం చదివావా అని అడిగి ఒక ప్రతి ఇచ్చారు. ఆడవాళ్ళు చదవకూడదు కదా అని ఆమె అప్పటిదాకా ముట్టలేదు. ఇప్పుడు చదివింది. పాత నమ్మకం ఒక్కో ఇటుకా రాలిపోయింది. కొత్తది ఇంకా రాలేదు.

1880లో అన్న పోయాడు. అదే ఏడాది బిపిన్ బిహారీ మేధావి అనే బెంగాలీ వకీలును పెళ్ళి చేసుకుంది. ఆయనది వేరే కులం, రిజిస్టరు పెళ్ళి. అస్సాంలోని సిల్చర్‌లో కాపురం. 1881లో కూతురు మనోరమ పుట్టింది. ఆ ఇంట్లో పుస్తకాల మధ్య ఒక చిన్న పుస్తకం ఆమెకు దొరికింది. బెంగాలీలో లూకా సువార్త. అది అక్కడికి ఎలా వచ్చిందో ఆమెకే తెలీదు. ఈసారి చదవాలనిపించింది. అలెన్ అనే బాప్టిస్టు మిషనరీ ఇంటికొచ్చి ఆదికాండంలోని సృష్టి కథ వివరించారు. ఆమెకు అది నచ్చింది. భర్తకు నచ్చలేదు. ఆ చర్చ తేలకముందే, 1882లో, కలరా ఆయన్ని తీసుకెళ్ళింది. పెళ్ళై రెండేళ్ళు కూడా కాలేదు.

ఫుల్హామ్‌లో చూసింది

చంటిపిల్లతో రమాబాయి పుణె వచ్చింది. ఆర్య మహిళా సమాజం పెట్టింది. హంటర్ కమిషన్ ముందు నిలబడి ఆడపిల్లలకు టీచర్లు కావాలని, డాక్టర్లు కావాలని అడిగింది. అక్కడే ఇంగ్లీషు నేర్చుకుంది. నెహెమ్యా గోరే అనే పెద్దాయనతో మాట్లాడింది. ఆయన కాశీలో పెరిగిన బ్రాహ్మణుడు, షట్దర్శనాలు చదివినవాడు, క్రైస్తవుడైనవాడు. ఆమె అడిగే ప్రశ్నలకు ఆమె భాషలోనే జవాబు చెప్పగలిగిన మనిషి. అయినా అప్పుడు కూడా ఆమె ఒప్పుకోలేదు. 1883లో వైద్యం చదవాలని ఇంగ్లండు వెళ్ళేటప్పుడు మతం మారనని స్నేహితులకు చెప్పే వెళ్ళింది. చెవుడు రావడం వల్ల వైద్యం చదువు కుదరలేదు. వాంటేజ్ అనే ఊళ్ళో సన్యాసినుల ఆశ్రమంలో ఉండి సంస్కృతం, మరాఠీ నేర్పింది.

ఆ సిస్టర్లు ఆమెను కొన్నాళ్ళు లండన్‌లోని ఫుల్హామ్‌కు పంపించారు. అక్కడ వాళ్ళకొక ఇల్లు ఉంది. సమాజం చెడిపోయారని వదిలేసిన ఆడవాళ్ళను ఆ ఇంట్లో చేరదీసి, పని నేర్పి, మళ్ళీ మనుషుల్లో నిలబెట్టేవారు. రమాబాయి అలాంటిది అప్పటిదాకా ఎక్కడా చూడలేదు. ఆమె చదివిన గ్రంథాల్లో అలాంటివాళ్ళకు శిక్ష ఉంది, చోటు లేదు. ఇక్కడ ఆడవాళ్ళే ఆ ఆడవాళ్ళ జుట్టు దువ్వుతున్నారు, జబ్బు చేస్తే పక్కన కూర్చుంటున్నారు. వీళ్ళెందుకిలా చేస్తున్నారని ఆమె ఒక సిస్టర్‌ని అడిగింది. ఆ సిస్టర్ జవాబుగా యోహాను సువార్త నాలుగో అధ్యాయం చదివి వినిపించింది.

ఆ కథ తెలియనివాళ్ళకు రెండు మాటలు. యూదులు తక్కువగా చూసే సమరయులలో ఒక స్త్రీ. ఐదుగురు భర్తలు అయ్యారు, ఇప్పుడున్నవాడు భర్త కాడు. మిట్టమధ్యాహ్నం నీళ్ళకు బావి దగ్గరికి వచ్చింది. అక్కడ కూర్చున్న యేసు ఆమెను నీళ్ళడిగాడు. ఆమెకంతా ఆశ్చర్యం, నన్ను నీళ్ళడగడమేమిటని. మాటల్లో ఆమె ఒక ప్రశ్న వేసింది, దేవుణ్ణి ఆరాధించాల్సింది ఈ కొండ మీదా, యెరూషలేములోనా అని. ఈ కొండా కాదు, ఆ ఊరూ కాదు, ఆత్మతోనూ సత్యంతోనూ ఆరాధించే రోజు వచ్చిందన్న అర్థంలో ఆయన చెప్పాడు. తాను ఎవరో ఆయన సూటిగా తెలియజేసింది కూడా ఆమెకే.

క్రీస్తు నిజంగా దైవమేనని, నా దేశపు ఆడవాళ్ళను లేవనెత్తగలిగేది ఈయనేనని తనకు అక్కడ తెలిసిందని రమాబాయి రాసుకుంది. నాకైతే ఇంకోటి కూడా అనిపించింది. తిరుపతి కొండ నుంచి జీలం ఒడ్డు దాకా ప్రతి తీర్థమూ తొక్కిన మనిషికి, ఈ కొండా కాదు ఆ ఊరూ కాదు అన్న మాట చెవిన పడితే ఎలా ఉండి ఉంటుంది? అదే పుస్తకం కలకత్తాలో ఆమె చేతిలో ఉన్నప్పుడు ఒక్క ముక్క ఎక్కలేదు. ఇప్పుడు ఎక్కింది. ఈ రెంటికీ మధ్య మారింది పుస్తకం కాదు. ఆ పుస్తకాన్ని బతికి చూపిస్తున్న ఆడవాళ్ళను ఆమె కళ్ళారా చూసింది.

1883 సెప్టెంబరు 29న రమాబాయి, మనోరమ బాప్తిస్మం తీసుకున్నారు.

ఇంకా ఎనిమిదేళ్ళు

సాక్ష్యాలు సాధారణంగా ఇక్కడ ఆగుతాయి. ఆమె సాక్ష్యం ఆగలేదు, అందుకే నాకు ఆమె మీద ఇష్టం పెరిగింది.

బాప్తిస్మం తీసుకుంది కదా అని ఆమె ప్రతిదానికీ తలూపలేదు. మాంసం, గుడ్లు ముట్టలేదు. సిలువ మీద లాటిన్ మాటలు ఎందుకు, సంస్కృతం ఎందుకుండకూడదని అడిగింది. త్రిత్వం గురించి, క్రీస్తు దైవత్వం గురించి తనకు అర్థమయ్యేదాకా ప్రశ్నలు వేసింది. తనను కూతురిలా చూసిన సిస్టర్ జెరాల్డీన్‌తోనే పెద్ద పెద్ద ఉత్తరాల్లో వాదించింది. సిస్టర్ ఆమెకు అహంకారం అనుకున్నారు. తన మనస్సాక్షిని ఇంకొకరి చేతికి అప్పగించలేనన్నది రమాబాయి వాదన. ఒక పురోహితవర్గాన్ని వదిలి వచ్చినదాన్ని, మళ్ళీ ఇంకొక పురోహితవర్గం కింద తల వంచడమెందుకని ఆమె ఆలోచన.

1886లో అమెరికా వెళ్ళింది, మన దేశపు ఆనందీబాయి జోషి డాక్టరు పట్టా తీసుకునే సందర్భానికి. అక్కడ రెండేళ్ళకు పైగా ఉండి, హిందూ స్త్రీల స్థితి మీద పుస్తకం రాసి, ఊరూరా మాట్లాడి, డబ్బు కూడబెట్టి తిరిగొచ్చింది. 1889 మార్చి 11న బొంబాయిలో బాలవితంతువుల కోసం శారదా సదన్ తెరిచింది. మొదట ఇద్దరే పిల్లలు. అందులో ఒకరు గోదూబాయి, తర్వాత కర్వేగారిని పునర్వివాహం చేసుకున్నావిడ. మరుసటి ఏడాది సదన్ పుణెకు మారింది. అక్కడ ఎవరి మతం వాళ్ళదే. రమాబాయి తన గదిలో తలుపు తీసి ఉంచి ప్రార్థన చేసుకునేది. కొందరు పిల్లలు వచ్చి కూర్చునేవాళ్ళు. 1893లో దాని మీద పెద్ద గొడవైంది. పెద్దమనుషులు సలహామండలి వదిలి వెళ్ళిపోయారు, చాలామంది తమ పిల్లల్ని తీసుకెళ్ళిపోయారు. దీంట్లో ఎవరిది తప్పు అన్నది మన డిపార్ట్‌మెంట్‌లోనే ఒక డిబేట్ పెట్టుకోవచ్చు. నమ్మి పంపిన తల్లిదండ్రుల భయమూ నాకు అర్థమవుతుంది, తలుపు మూసుకుని దొంగలా ప్రార్థించనన్న ఆమె పట్టుదలా అర్థమవుతుంది.

ఆ గొడవకు ముందే, 1891 ప్రాంతంలో, ఆమెలో ఇంకో మార్పు వచ్చింది. హాస్లామ్ అనే ఇంగ్లీషు పాదిరీ రాసిన స్వీయకథ చదివింది. ఆయన పాదిరీగా పనిచేస్తూనే తనకు అసలు విశ్వాసం లేదని తెలుసుకున్న మనిషి. అది చదివి ఆమె తనను తాను చూసుకుంది. బాప్తిస్మం తీసుకుని ఎనిమిదేళ్ళయింది. నాకు క్రైస్తవ మతం దొరికింది గానీ క్రీస్తు దొరకలేదని అప్పుడు ఒప్పుకుంది. లోకమంతా పండిత అని పిలుస్తున్న మనిషి, క్రైస్తవురాలయినందుకు ఇన్ని మాటలు పడ్డ మనిషి, ఇలా బయటికి రాయడానికి ఎంత ధైర్యం కావాలో కూడికలో లేచి నిలబడ్డ నాకు తెలుసు. ఆ తర్వాతే తన మనసుకు నెమ్మది దొరికిందని ఆమె చెప్పుకుంది. తండ్రి చెప్పిన ఆ ఎవరి చేతిలోనో తాను ఉన్నానని అప్పటికి నమ్మకం కుదిరింది.

ముక్తి

1896, 97ల్లో మధ్య పరగణాల్లో కరువొచ్చింది. వార్త వినగానే రమాబాయికి తిరుపతి అడవి గుర్తొచ్చింది. ఇంట్లో కూర్చోలేకపోయింది. తానే వెళ్ళి, కరువు శిబిరాల్లో అనాథగా, అమ్మకానికి సిద్ధంగా ఉన్న ఆడపిల్లల్ని ఏరి తెచ్చుకుంది. మొదటి విడతలోనే దాదాపు 300 మంది. పుణెకు కొంత దూరంలో కేడ్గావ్‌లో కొన్న పొలంలో వాళ్ళకు చోటు కల్పించింది. దానికి ముక్తి అని పేరు పెట్టింది. 1900లో గుజరాతు కరువు వచ్చాక అక్కడ దాదాపు 2 వేల మంది అయ్యారు. బావులు, పొలం, మగ్గాలు, నూనె గానుగ, అచ్చాఫీసు, అన్నీ ఆడవాళ్ళే నడిపేవారు. చూపు లేనివాళ్ళకు బ్రెయిలీ నేర్పారు. ఫుల్హామ్‌లో చూసినలాంటి ఇల్లు కూడా కట్టించింది, దాని పేరు కృపా సదన్.

1905 జూన్‌లో ముక్తిలో ఉజ్జీవం వచ్చింది. పిల్లలు గంటల తరబడి ఏడుస్తూ ప్రార్థించారు, తప్పులు ఒప్పుకున్నారు, కొందరు తెలియని భాషల్లో మాట్లాడారు. మా కూడికల్లో ఇలాంటి సంగతులే పెద్దగా చెప్తారు. రమాబాయి దాన్ని ఆపలేదు, ఎగతాళి చేయలేదు. భారతదేశపు పిల్లలు తమ పద్ధతిలో దేవుణ్ణి పిలుచుకోనివ్వాలని వాదించింది. అయితే ఆమె తన చివరి ఏళ్ళు మాత్రం ఒక బల్ల దగ్గర, నిఘంటువుల మధ్య గడిపింది. హీబ్రూ, గ్రీకు నేర్చుకుని, పదేళ్ళకు పైగా కష్టపడి బైబిలు మొత్తాన్ని మరాఠీలోకి తెచ్చింది. కారణం చాలా సింపుల్. అప్పటికున్న అనువాదంలోని పెద్ద మాటలు పల్లెటూరి ఆడవాళ్ళకు అర్థం కావు. సంస్కృత బైబిలు చేతిలో పెడితే తనకేమీ ఎక్కని రోజు ఆమె మర్చిపోలేదనుకుంటాను. ఆ పుటలకు అచ్చులు కూర్చింది ఒకప్పుడు కరువులో దొరికిన పిల్లలే.

1921 జూలైలో మనోరమ చనిపోయింది. ముక్తి పని తన తర్వాత చూసుకుంటుందనుకున్న ఒక్క కూతురు. రమాబాయి దిద్దుబాటు పని ఆపలేదు. 1922 ఏప్రిల్ 5న ఆమె పోయేనాటికి అనువాదం పూర్తయింది.

నా సంగతి

ఇదంతా దసరా సెలవుల్లో అమ్మమ్మకు చెప్పాను. రాయచూరు అనగానే టీవీ ఆపేసింది. తిరుపతి అడవి దగ్గర ఏమీ అనలేదు. పాడె తలమీద మోసిన దగ్గర కళ్ళు తుడుచుకుంది. అంతా అయ్యాక ఆమె అడిగింది ఒక్కటే, ఆ సజ్జ రొట్టె ఇచ్చినావిడ పేరేమిటని. పుస్తకంలో పేరు లేదని చెప్పాను. కాసేపు ఆలోచించి, పలకలేదనుకున్నారు గానీ ఆ రోజు ఆ ఇంటి గడప దగ్గర పలికాడేమోలే అంది. లేచి పొయ్యి మీద పాలు చూడ్డానికి వెళ్ళింది.

అమ్మమ్మ మాట నిజమో కాదో నాకు తెలీదు. రమాబాయి అయితే అంత సులువుగా ఒప్పుకోదు, తల్లి తినలేకపోయింది కదా అని అడుగుతుంది. నేనూ అడుగుతాను. కరువు ఎందుకు వచ్చింది, ఆ తల్లి ఎందుకు పోయింది అన్నదానికి ఆమె సాక్ష్యంలో నాకు జవాబు దొరకలేదు. దొరికింది ఇది. దేవుడు తనకు తెలియడానికి ఆమెకు ముప్ఫై ఏళ్ళు పైనే పట్టింది. ఒక తల్లి పాఠం, సిల్చర్‌లో ఎక్కడినుంచో వచ్చిన చిన్న పుస్తకం, తన ప్రశ్నలకు విసుక్కోని ఒక పెద్దాయన, ఎవరో ఆడవాళ్ళ జుట్టు దువ్వుతున్న ఇంకెవరో ఆడవాళ్ళు, ఇవన్నీ కలిస్తే గానీ అది పూర్తి కాలేదు. మధ్యలో ఏ రోజైనా ఆమెను కూడికలో లేపి సాక్ష్యం చెప్పమంటే, ఇంకా తెలీదు, వెతుకుతున్నాను అనే చెప్పి ఉండేది.

వచ్చే వేసవిలో మళ్ళీ కూడిక ఉంటుంది. నా వంతు వస్తే నేనూ లేచి అదే చెప్తాను. ఈసారి అమ్మమ్మ కూడా వస్తానంది.